రెండు గీతల అంచు

ఆ ఏడు జనవరి నుంచి ఏప్రిల్ దాకా నేను పన్నెండు మేళాలు తిరిగాను. అందులో తొమ్మిదింటికి ఉత్త చేతులతో పోయి ఉత్త చేతులతోనే వచ్చాను. కొనడానికి కాదు, అమ్మడానికీ కాదు. గేటు పక్కన ఓ మూల నిలబడి, లోపలికి పోయేవాళ్ల ముఖాలూ, బయటికి వచ్చేవాళ్ల చేతులూ చూసేదాన్ని. ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకునేదాన్ని. తాండూరు స్టేషన్ రోడ్డులో నేను పనిచేసే జిరాక్స్ షాపులో కాగితానికి కొదవ లేదు కాబట్టి ఆ బుక్కు బాగా లావెక్కింది.

"ఏం రాస్తున్నవే నిరోషా, పోలీసోళ్ల లెక్క?" అని నాయిన ఎగతాళి చేసేవాడు.

రాయాల్సి వచ్చింది మరి. మా నాయిన బాలస్వామి రాయి మీద అక్షరాలు చెక్కుతాడు. ముప్పై అయిదేళ్లుగా తాండూరు నుంచి వికారాబాద్ దాకా ఎవరి సమాధి రాయి అయినా, ఏ బడి శంకుస్థాపన ఫలకమైనా, ఏ గుడికి చందా ఇచ్చినవాళ్ల పేర్లయినా ఆయన ఉలి కింద నుంచే వచ్చాయి. దసరాకు గిరీష్ సేటు బండల పాలిష్ యూనిట్‌లోకి కంప్యూటర్ మిషన్ వచ్చింది. నాయినకు పూట పట్టే పేరును అది చాయ్ తాగి వచ్చేలోపల చెక్కి పారేస్తుంది. సేటు చెడ్డవాడేం కాదు. "బాలస్వామీ, నిన్ను ఇడిశిపెట్ట. గేటు కాడ కుర్చీ ఏస్త, కూసో. నీడపట్టు పని" అన్నాడు.

పని లేని ఆ రెండు నెలలూ నాయిన ఊరికే కూర్చోలేక, యూనిట్‌లో పారేసిన బండ ముక్కలు తెచ్చుకుని, రెండు మూడు ఒకేసారి ముందేసుకుని వాకిట్లో బొమ్మలు చెక్కాడు. చాటతో కందిపప్పు చెరిగే ఆడమనిషి. రైలు దిగి మూట సర్దుకుంటున్న మనిషి. పడుకున్న గొర్రెపిల్ల. నీలం బండ మీద తెల్లటి గీతలు. నేనైతే వంట మానేసి చూశాను. ఆ గొర్రెపిల్ల కడుపు ఊపిరికి పైకీ కిందికీ ఆడుతున్నట్టే ఉంది. ఇట్లాంటి చెయ్యి పోయి గేటు దగ్గర కర్ర పట్టుకోవడమా అనిపించింది.

"ఈస్టర్ దాకా ఆగు నాయినా" అన్నాను. "గివి కొనేటోళ్లు ఎక్కడున్నరో నేను చూస్త."

"తాండూరు బండను ఎవరు కొంటరే? ఇంట్ల పరుసుకునేటందుకు తప్ప."

"చూస్త గద."

"సరే, చూడు. దొరకకుంటే ఈస్టర్ అయినంక సేటుకు అవునని చెప్త. ఉలులు గూడ ఆయనకే ఇచ్చేస్త. ఇంట్ల తుప్పు పట్టుడెందుకు?"

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. నాకే అది మామూలుగా వినపడలేదు. మా ఇంట్లో అమ్మ పోయాక మిగిలిన చప్పుడు ఆ ఉలి చప్పుడొక్కటే.

*

మేళాలు మంచివా కావా అని తెలుసుకోవడం నేననుకున్నంత తేలిక కాదు. పేర్లన్నీ గొప్పగానే ఉంటాయి. హస్తకళలు, జానపదం, ఉత్సవం. బ్యానరు ఎంత పెద్దదైతే లోపల అంత ప్లాస్టిక్ సామాను. నా బుక్కులో ఇట్లా ఉండేది: "మర్పల్లి అంగడి. జనం మస్తు. చేతుల్లో కూరగాయలు, కోడిపిల్లలు. బొమ్మ కొనే చెయ్యి కనపడలేదు." "దౌల్తాబాద్ జాతర. రంగులరాట్నం ముందు వెయ్యిమంది. మిగతాచోట దుమ్ము." "కోట్‌పల్లి ప్రాజెక్టు కట్ట. ఊరి పోరగాళ్లు నెలకోసారి పెడతారట. పన్నెండు స్టాళ్లు. అంతా బస్సు జనం. పనికిరాదు." ఆ చివరి మాట కింద రెండు గీతలు కొట్టాను.

బస్సు జనం పనికిరాదని ఎందుకన్నానంటే, మా సరుకు బరువు అట్లాంటిది. ఒక్కో రాయి తొమ్మిది కిలోలు. ఎవరికి నచ్చినా ఎట్లా మోసుకుపోతారు? కారున్నవాళ్లు కావాలి. కార్లు ఎక్కడుంటాయి? అనంతగిరి కొండ మీద, హైదరాబాద్ వాళ్లు శనాదివారాలు దిగే రిసార్టుల్లో. అక్కడ ఓ రిసార్టు వాళ్లు జనవరి చివర్లో ఆర్ట్ మేళా పెడుతున్నారని తెలిసి, ఫొటోలు పంపి, ఓ టేబుల్ సంపాదించాను. లెక్క తప్పే సమస్యే లేదనుకున్నాను.

అంజన్న ట్రాలీ ఆటోలో పదకొండు రాళ్లు గడ్డి మధ్య పెట్టుకుని కొండెక్కాం. అంజన్న నాయినకు చిన్నప్పటి దోస్తు, నోరు ఊరుకోదు. "దేవుడు కొండ మీద రాళ్లు పెట్టిండు. మనం కిందికెంచి రాళ్లు మోసుకపోతున్నం. మనకంటే తెలివైనోళ్లు ఉన్నరా?" అని దారి పొడుగునా నవ్వించాడు.

తెల్లటి గుడారాలు, పూల కుండీలు, ఎక్కడో సన్నగా పాటలు. టేబుల్ మీద రాళ్లను వరసగా నిలబెట్టాను. నాయిన కొత్త చొక్కా వేసుకుని వెనకాల కుర్చీలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. జనం బాగానే వచ్చారు. పక్క టేబుళ్ల దగ్గర మట్టి కప్పులు, వెదురు దీపాలు నవ్వుకుంటూ బేరమాడుకుంటూ కొంటున్నారు. మా దగ్గరికీ నవ్వుకుంటూనే వచ్చేవాళ్లు. మూడడుగుల దూరంలో ఆ నవ్వు ఆగిపోయేది. గొంతులు తగ్గేవి. ఒకాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఒకామె పిల్లలిద్దరి భుజాలు పట్టుకుని మెల్లగా అవతలికి నడిపించుకుపోయింది. ఒక్కరూ ధర అడగలేదు. ఒక్కరూ బాగా లేదని అనలేదు.

నాకు బాధకంటే ఆశ్చర్యం ఎక్కువైంది. నచ్చకపోతే మనిషి మొహం తిప్పుకుంటాడు, లేకపోతే ఫోన్ చూసుకుంటాడు. టోపీ ఎందుకు తీస్తాడు? బుక్కులో రాసుకున్నాను: "మూడడుగుల దగ్గర నవ్వు పోతోంది. ఎందుకు?"

సాయంత్రం మేళా నడిపే అంకిత అనే అమ్మాయి వచ్చి, రాళ్లన్నీ చూసి, నాయిన చెయ్యి పట్టుకుంది. "అంకుల్, నిజంగా చెప్తున్నాను, ఏడుపొచ్చింది నాకు" అంది. కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి.

ఒక్క రాయీ అమ్ముడుపోలేదు గాని, నాయిన వారం రోజులు ఆ మాట మీదే బతికాడు. చాయ్ హోటల్లో, చర్చి దగ్గర, కనపడినవాడికల్లా చెప్పాడు. "ఏడుపొచ్చిందట! హైదరాబాద్ పిల్ల. నా గొర్రెపిల్లను జూసి."

*

ఫిబ్రవరిలో వికారాబాద్‌లో ఓ బడి మైదానంలో మూడు రోజుల చేతిపనుల మేళా జరిగింది. దానికి పోవాలా వద్దా అని బుక్కు ముందేసుకుని రెండు రోజులు తలకాయ కొట్టుకున్నాను. కార్లు తక్కువ, రైలు జనం ఎక్కువ. కాని కొండ మీద నాకు అర్థం కాని సంగతి ఇక్కడన్నా అర్థమవుతుందేమోనని ఆశ. అమ్మకం కోసం కాదు, ఆ కుతూహలం ఆగక పోయానంటే నిజం.

మా పక్క స్టాల్ అనసూయమ్మగారిది. వికారాబాద్‌లో వాళ్లది బట్టల దుకాణం. కొడుకులు దుకాణం చూసుకుంటుంటే ఈమె పాత చీరల బొంతలు కుట్టి పదేళ్లుగా మేళాలు తిరుగుతోంది. ఏ మేళాలో మధ్యాహ్నం జనం వస్తారో, ఏ మేళాలో ఎండ ఏ పక్క పడుతుందో ఆమెకు నోటికొచ్చు. నా బుక్కు చూసి మెచ్చుకుంది. "మంచి పని చేస్తున్నవ్. నేను గా తెలివి వచ్చేసరికి అయిదేండ్లు పట్టింది" అంది. కాని మొదటి రోజంతా మా రాళ్ల వైపు చూసి ఏదో అడగబోయి ఆగిపోతూ ఉంది.

రెండో రోజు పొద్దున ఓ ముసలామె వచ్చింది. గొర్రెపిల్ల రాయి ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత కొప్పులోంచి బంతిపువ్వు తీసి, దాని ముందు పెట్టి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

నేను ఆ పువ్వునే చూస్తూ ఉండిపోయాను. అప్పుడు అనసూయమ్మగారు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. నాయిన చాయ్‌కి పోయాడు.

"బిడ్డా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. గా రాయి కింద తేదీలున్నయి గద. ఎవరియవి?"

"మా నాయిన మొదలుపెట్టిన దినం, అయిపోయిన దినం."

రాయి కింద చక్కగా, గుండ్రటి అంకెలతో ఉంది: 2-11-2024 – 11-11-2024. ప్రతి రాయి కిందా అట్లాంటివే రెండు తేదీలు, మధ్యలో చిన్న గీత.

అనసూయమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ. నిన్నటి సంది మేమంతా మీ ఇంట్ల పసిగుడ్డు పోయిందనుకుంటున్నం. తొమ్మిది దినాల బిడ్డ అని. నేను గూడ రాత్రి ఇంట్ల చెప్పి బాధపడ్డ."

 కొండ మీద టోపీ తీసినాయన కళ్ల ముందు కనపడ్డాడు.

"తేదీలొక్కటే కాదు బిడ్డా" అంది ఆమె మెల్లగా. "చుట్టూ గా అంచు చూడు. రెండు గీతలు, మూలలకు వంపు, పైన నడుమ చిన్న ఆకు. మా ఇంటెనక చర్చోళ్ల సమాధుల తోట ఉన్నది. ఆడ రాళ్లన్నిటికి గిదే అంచు. గవి చెక్కినోడి చెయ్యి మస్తుంటది, చూడబుద్ధయితది. గాని తెచ్చి ఇంట్ల ఎవరు పెట్టుకుంటరు?"

"గవి చెక్కింది గూడ మా నాయిననే" అన్నాను.

*

తిరుగు ప్రయాణంలో ట్రాలీలో ముందు సీటు మీద ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. ఎట్లా చెప్పాలో తెలియక, ఒక ఊరు దాటాక ఒక ముక్క, ఇంకో ఊరు దాటాక ఇంకో ముక్క చెప్పాను. తేదీల సంగతి రాగానే అంజన్న ఆటో రోడ్డు పక్కన ఆపేశాడు. స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాడు.

"తొమ్మిది దినాల పోరడంటనా? అరె బాలస్వామీ, రైలు దిగే ఆమె ఎన్ని దినాలు బతికిందిరా?"

"పన్నెండు" అన్నాడు నాయిన. ఆయనా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. "ముప్పై అయిదేండ్ల అలవాటు బిడ్డా. రాయి కింద రెండు తేదీలు లేకుంటే నాకు సాపు అనిపియ్యది. గందుకేనా గా కొండ మీది పిల్ల ఏడ్చింది? నేను ఊరంతా చెప్పుకుంటి గదనే."

"తేదీలు తీసేద్దాం నాయినా."

"తీసేద్దాం. అరగంట పని."

"అంచు గూడ."

నవ్వు ఆగింది. అంజన్న ఆటో స్టార్ట్ చేశాడు. కొంచెం దూరం పోయాక నాయిన అన్నాడు: "అంచు తియ్య."

"ఎందుకు? అంచు జూసే జనం భయపడుతున్నరు."

"అంచు ఏస్తేనే రాయి అయిపోయినట్టు. గది ఆఖరు చెయ్యి. అంచు లేకుంట ఇచ్చుడంటే సగం పని చేసి ఇచ్చినట్టు."

"గిది సమాధి రాయి కాదు గద."

"గా సంగతి నా చెయ్యికి తెల్వది."

నాకు కోపమొచ్చింది. ఇన్ని వారాలు బస్సులెక్కి, ఎండలో గేట్ల దగ్గర నిలబడి నేను తెలుసుకున్న ఒకే ఒక్క సంగతి అది. రెండు గీతల కోసం ఈ మనిషి ఉలి వదులుకోవడానికైనా సిద్ధమా? ఇంటికి పోయాక ఆయన తేదీలన్నీ అరగదీశాడు. అంచు జోలికి పోలేదు. మార్చి అంతా మా ఇద్దరి మధ్య అన్నం పెట్టనా, పెట్టు అన్న మాటలే తప్ప లేవు. ఓ చిన్న మేళాకు తేదీలు లేని రాళ్లు తీసుకుపోయాం. జనం ఈసారి ఏడవలేదు. మామూలుగా చూసి మామూలుగా దాటిపోయారు.

ఏప్రిల్ మొదట్లో గిరీష్ సేటు బండి మీద పోతూ మా వాకిట్లో ఆగాడు. "బాలస్వామీ, నెలాఖరుకు మా గేటు మనిషి ఊరికి పోతున్నడు. నువ్వు వస్తవా, ఇంకొకరిని చూసుకోవాల్నా?"

"ఈస్టర్ ముంగటున్నది సేటూ. అయినంక చెప్త" అన్నాడు నాయిన. నా వైపు చూడలేదు.

*

ఈస్టర్ ముందు శనివారం సమాధుల తోటకు పోవడం మాకు ఆనవాయితీ. మర్నాడు తెల్లారకముందే అందరూ కొవ్వొత్తులు పట్టుకుని వస్తారు కాబట్టి, శనివారం మధ్యాహ్నమే గడ్డి పీకి, రాళ్లు కడిగి, సున్నం వేసి పెట్టుకుంటారు. నాయిన చిన్న డబ్బాలో నల్లరంగు, సన్నటి బ్రష్ తెచ్చుకుని ఎవరడిగినా వాళ్ల రాయి మీద అక్షరాల్లో రంగు నింపి ఇస్తాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు.

నాలుగు నెలల అలవాటు ఊరికే పోతుందా? నేను నీళ్ల బకెట్ పట్టుకుని నిలబడి జనాన్ని చూడటం మొదలుపెట్టాను. కిష్టప్ప తాత తన భార్య రాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయనకు చదువు రాదు. ప్రతి ఏడూ అడిగినట్టే అడిగాడు. "గిది మా ఆమె పేరే గద బిడ్డా?" అవునన్నాను. అప్పుడు ఒక్కో అక్షరం గాడిలో వేలు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా మెల్లగా పోనిచ్చాడు. మళ్లీ మొదటికొచ్చాడు. అక్కడ ఎవరికీ తొందర లేదు. రాయి కడిగినవాళ్లు దాని పక్కనే కూర్చుని అటుకులు తింటున్నారు, మాట్లాడుకుంటున్నారు, రాయి మీద చెయ్యి వేసే మాట్లాడుకుంటున్నారు. నేను తిరిగిన పన్నెండు మేళాల్లో ఒక్క వస్తువు ముందు కూడా మనిషి ఇంతసేపు నిలవడం నేను చూడలేదు.

తర్వాత అమ్మ దగ్గరికి పోయాను. కొబ్బరి పీచుతో రాయి తోముతున్నాను. మార్త. 1971 – 2019. పైన తోమాను, పక్కన తోమాను, మూలల్లోకి వచ్చాను. మూలలో మట్టి పట్టే గాడి ఉంటుంది, దాన్ని పుల్లతో గీకాలి. పుల్ల తీసుకుని గీకబోయాను. గాడి లేదు.

నాలుగు మూలలూ చూశాను. నున్నగా ఉన్నాయి. ఆరేళ్లుగా ప్రతి ఈస్టర్‌కూ కడుగుతున్న రాయి. చుట్టూ పూలు పేర్చి, కొవ్వొత్తులు పెట్టి మొక్కుకున్న రాయి. అంచుల మీద కళ్లు పడటం ఈ ఏడే నాకు అలవాటైంది. తోట అంతా తిరిగి చూశాను. చిన్న పిల్లల రాళ్లకు కూడా రెండు గీతలూ, వంపులూ, ఆకూ ఉన్నాయి. మా అమ్మ రాయి ఒక్కదానికే లేవు.

నాయిన పక్క సమాధి మీద రంగు వేస్తున్నాడు.

"నాయినా, అమ్మ రాయికి అంచు మర్శిపోయినవా?"

బ్రష్ ఆగలేదు. "మర్శిపోలే."

"మరి?"

"ఎయ్యలే." ఒక అక్షరం పూర్తి చేశాడు. "ఆ దినం చెయ్యి రాలే. తర్వాత ఏద్దామనుకున్న. తర్వాత, ఏస్తే అయిపోతది గద అని ఊకున్న."

నెలన్నరగా ఈయనతో నేను అంచు తీసెయ్ అంచు తీసెయ్ అని, అదేదో చీర మీద దారపు పోగు అయినట్టు పోరు పెట్టాను. నాకు సిగ్గేసింది. మిగిలిన నీళ్లు రాయి మీద పోశాను. నీళ్లు నాలుగు వైపులకూ జారిపోయాయి.

బ్రష్ రంగులో ముంచుకుంటూ ఆయనే అన్నాడు. "ఇంట్ల బొమ్మలల్ల ఉన్నది గూడ ఆమెనే గద. చాట పట్టుకున్నది. రైలు దిగేది. గా ఎడమ చెయ్యి చూడలేదా నువ్వు?"

"చూసిన." అమ్మది ఎడమ చేతివాటం. నాకు మొదటి రోజే తెలుసు, ఆయనతో అనలేదంతే.

"మరి గా బొమ్మలకు ఎందుకేసిన నేను అంచు?"

ఆయన నన్నడగలేదని నాకు తెలుసు. డబ్బా మూత పెట్టి, బ్రష్ తుడుచుకుని, తర్వాతి సమాధి దగ్గరికి పోయాడు.

*

సోమవారం పొద్దున అంజన్న ట్రాలీలో పదకొండు రాళ్లూ వేసుకుని నాయిన గిరీష్ సేటు యూనిట్‌కు పోయాడు. నేనూ వెంట పోయాను. సేటుకు అవునని చెప్పడానికే పోతున్నాడేమోనని నా భయం. ఆయన మాత్రం కోత మిషన్ ఒక గంట కావాలని అడిగాడు.

ఒక్కో రాయినీ బల్ల మీద పెట్టి, నీళ్లు వదిలి, నాలుగు వైపులా అంచు కోసేశాడు. బొమ్మకు ఎంత దగ్గరగా పోవచ్చో అంత దగ్గరగా పోయాడు. సేటు వచ్చి నిలబడ్డాడు. "ఏంది బాలస్వామీ, మంచిగ చెక్కిన అంచు గట్ల కోసి పారేస్తున్నవ్?"

"సైజు ఎక్కువైంది సేటూ" అన్నాడు నాయిన. "గేటు సంగతి వచ్చే సోమవారం చెప్త. ఒక్క మేళా ఉన్నది."

కోసిన రాయి చేతికి తీసుకుని నేను ఆశ్చర్యపోయాను. చాటలోంచి లేచిన పొట్టు ఇప్పుడు రాయి కొస దాకా వచ్చి అక్కడి నుంచి ఎటో ఎగిరిపోతున్నట్టు ఉంది. ఇంకో సంగతి కూడా. బరువు సగానికి సగం తగ్గింది. ఒక చేత్తో పట్టుకోవచ్చు. కోసిన అంచు ముక్కలన్నీ నాయిన ఇంటికి తెచ్చి, నల్లా దగ్గర బురదలో కాళ్లు పడకుండా వరసగా పరిచాడు.

ఏ మేళా అన్నది మాత్రం ఆయన నాకే వదిలేశాడు. ఆ ఆదివారం రెండున్నాయి. వికారాబాద్‌లో ఓ హోటల్ హాల్లో అంకిత వాళ్లు పెడుతున్నది ఒకటి. అన్నీ కార్లే. రమ్మని ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. రెండోది కోట్‌పల్లి కట్ట, నేను పనికిరాదని రెండు గీతలు కొట్టింది. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. అన్నాళ్లూ నేను చేతులు చూశాను, కార్లు చూశాను. ఎవరికి ఎంత తీరిక ఉందో చూడలేదు. కోట్‌పల్లి పేజీలో ఒక మూల నేనే రాసి మరిచిపోయిన ముక్క కనపడింది: "బస్సు గంటంబావుకొకటి. జనం చెట్ల కింద ఊరికే కూర్చుంటున్నారు."

అంకితకు ఫోన్ చేసి రానని చెప్పాను. అంజన్నకు కోట్‌పల్లి అని చెప్తే నెత్తి గోక్కున్నాడు. "నువ్వే గద బస్సు జనం పనికిరారన్నవ్?"

"అప్పుడు నాకేం తెలుసు" అన్నాను.

*

కట్ట మీద ఎండ మండిపోతోంది. పిల్లగాలి ప్రాజెక్టు నీళ్ల మీంచి వచ్చినప్పుడల్లా షామియానా ఉబ్బేది. ఈసారి రాళ్లను నిలబెట్టలేదు. బల్ల మీద పళ్లాలు పెట్టినట్టు పడుకోబెట్టాను, ఎవరైనా చెయ్యి వెయ్యడానికి వీలుగా. జనం ఆగారు. గొర్రెపిల్ల వీపు నిమిరారు. ఒకాయన రైలు బొమ్మలో పట్టాలు ఎటు పోతున్నాయో వేలు పెట్టి చూసుకున్నాడు. నవ్వు ఎక్కడా ఆగలేదు. కాని మధ్యాహ్నం దాకా కొన్నవాళ్లు లేరు. నాయిన కుర్చీలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నీళ్ల వైపు చూస్తూ ఉన్నాడు. రేపే సోమవారం. 

మూడింటి బస్సు తప్పిపోయిన ఒకామె వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, చేతిలో గుడ్డ సంచి. పేరు యాదమ్మ అని తర్వాత తెలిసింది, ఏదో హాస్టల్లో ఆయాగా చేస్తుందట. నీడ కోసం వచ్చినట్టే వచ్చింది. చాట రాయి ముందు ఆగింది. ఆగి, చాటలో గీతల మీద వేలు పెట్టింది. అక్కడి నుంచి పొట్టు వెంట పైకి పోయింది. మళ్లీ కిందికొచ్చింది.

"గీమెది ఎడమ చెయ్యి వాటమా?" అంది.

ఆ సీజన్ మొత్తంలో చూడటానికి వచ్చిన మనిషి కోసం నాయిన కుర్చీలోంచి లేవడం అదే మొదలు. "అవునమ్మా."

"మా అత్త గూడ గిట్లనే. ఎడమ దిక్కుకు చెరుగుతదని అందరు తిట్టెటోళ్లు. ఆమె మాత్రం ఒక్క పొట్టు మిగలనియ్యకపోయేది." యాదమ్మ మోచేతిని చూసింది. "మోచెయ్యి గూడ గిట్లనే లేపేది. మీరు మా అత్తను ఎప్పుడు చూసిన్రు?"

"నేను చూడలే" అన్నాడు నాయిన. "నేను చూసిన ఆమె ఇంకొకామె."

ఆమె చాలాసేపు నిలబడింది. ధర అడిగింది. బేరమాడింది. నాయిన వెంటనే తగ్గించాడు, నేనైతే తగ్గించేదాన్ని కాదు. తువ్వాల అడిగి తీసుకుని రాయికి చుట్టి చంకనెత్తుకుంది. నాలుగుంబావు బస్సు వచ్చింది. మెట్టు మీద కండక్టర్ ఆపాడు.

"ఏందమ్మా అది?"

"బండ."

"బండనా? ఏడికి తీసుకపోతున్నవ్ బండను?"

"మా ఇంటికి. జర్రంత జరుగు."

కిటికీ పక్కన కూర్చుని రాయిని ఒళ్లో పెట్టుకుంది. బస్సు కదిలింది. నాయిన షామియానా దాటి ఎండలోకి పోయి నిలబడ్డాడు. నేనూ పోయి పక్కన నిలబడ్డాను. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ముప్పై అయిదేండ్లు చెక్కిన" అన్నాడు. "ఏ రాయి గూడ పెట్టిన కాడికెంచి కదలలే. చూడు బిడ్డా, గిది బస్సెక్కి పోతున్నది."

బస్సు కట్ట చివర మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా అక్కడే ఉన్నాం.

"రేపు సేటుకు ఏం చెప్తవ్ నాయినా?" అన్నాను.

ఆయన చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"నీ బుక్కు తియ్యి. మల్ల మేళా ఏడుందో చూడు."